గంధరాజం వెనక గోడ

సున్నం తొట్టి తెచ్చి నాలుగో గోడ దగ్గర దించగానే అమ్మ చేతిలోని పాలచెంబు కింద పెట్టి వచ్చి, ఆ గోడకు వీపు ఆనించి నిలబడింది. సున్నం వేసే ఆయన ఎత్తిన కుంచెను ఎత్తినట్టే ఆపాడు.

"పక్కకు జరుగమ్మా, చీర ఖరాబైతది."

"ఈ గోడకు నక్కో."

"నక్కో అంటే? మూడు గోడలు మల్లెపువ్వు లెక్క జేసినంక నాలుగోది ఇడిసిపెడ్తె నవ్వేటోళ్లు నన్ను జూసి నవ్వుతరు. సున్నం తక్కువవడ్డదంటరు."

"నేనే ఒద్దన్న అని చెప్పు."

"బోనాల పండుగకు ఇంటి గోడకు సున్నం ఒద్దన్న మనిషిని నేను ఎన్నడు సూడలే."

"ఇప్పుడు సూడు."

కొట్టంలో బర్రెలకు కుడితి పెడుతున్న బాపు ఈ మాటలు విని బయటికి వచ్చాడు. "పొద్దుగాల్నే చెప్తే అయిపోవు గద. తొట్టిల సున్నం కలిపినంక చెప్తవా?"

"పొద్దుగాల చెప్తే నువ్వు ఒద్దంటవు."

"ఇప్పుడు గూడ ఒద్దనే అంటున్న."

"ఇప్పుడు నేను గోడకాడ ఉన్న."

బాపు నా వంక చూశాడు. అప్పటికి నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు చూస్తున్నాను. చదువుకున్నవాణ్ని కాబట్టి ఇంట్లో తగాదా వస్తే నా వంక చూడటం ఆయనకు అలవాటు. నేను అమ్మ కింద పెట్టిన పాలచెంబు తీసి లోపల పెట్టి వచ్చాను. సున్నం ఆయన తొట్టి మీద గోనెపట్టా కప్పి, గడప పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. అమ్మ కదల్లేదు. ఆమె ముందు, సరిగ్గా ఆమె నడుము ఎత్తున, గుబురుగా పెరిగిన గంధరాజం చెట్టు ఉంది. దాని కొమ్మల చివర్లలో మెలితిరిగిన పచ్చటి మొగ్గలు నిండుగా ఉన్నాయి. పండుగ వచ్చే ఆదివారం.

ఆ మొగ్గల కథ చెప్పాలంటే చెల్లె జబ్బు దగ్గర మొదలుపెట్టాలి.

మా ఇల్లు గౌలిపురలో. పాలమ్మే ఇల్లు. బర్రెలను కట్టే కొట్టం, దాని పక్కన పెంకులు కప్పిన రెండు గదులు, మధ్యలో వాకిలి. చుట్టూ గోడలు ఎత్తు. పొరుగువాళ్ల వేపచెట్టు సగం మా వాకిలి మీదే ఉండేది. ఎండ మిట్టమధ్యాహ్నం కాసేపు కొట్టం ముందు పడేది. ఆ కాసింత చోట్లో బర్రెలు నిలబడేవి.

రెండో ప్రపంచయుద్ధం మొదలు కావడానికి ముందు ఒక ఎండాకాలం చెల్లెకు అమ్మవారు పోసింది. అప్పటికి దానికి అయిదేళ్లు నిండలేదు. ఒళ్లంతా పొక్కులు లేచి, కళ్లు మూసుకుపోయి, వేపమండల మీద పడుకుని ఉండేది. నీళ్లు తాగించడానికి కూడా పెదవులు విడేవి కావు. ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లోకి వచ్చి, లాల్‌దర్వాజా గుడి దిక్కుగా తిరిగి, ఇంట్లో ఉన్న మాకందరికీ వినపడేలా మొక్కింది.

"తల్లీ, నా బిడ్డ లేస్తే నా వాకిట్ల పూసిన పువ్వు నా బోనం మీద వెట్టుకొని వస్త. అప్పటిదాక అంగట్ల పువ్వు ముట్ట."

చెల్లె లేచింది. ముఖం మీద మచ్చలు మిగిలాయి కానీ చూపు దక్కింది. అది లేచి తిరగడం మొదలుపెట్టాక అమ్మకు సంగతి అర్థమైంది. మా వాకిట్లో పువ్వు పూయదు. ఎన్నడూ పూయలేదు.

"పువ్వు లేని వాకిట్ల నిలవడి పువ్వు మొక్కినవ్" అన్నాడు బాపు. "ఇంట్ల ఉన్నది బర్రెలు. బర్రెను మొక్కినా అయిపోవు."

"బర్రెను నెత్తి మీద వెట్టుకొని పోవాల్నా?"

బంతి నారు తెచ్చి నాటింది. వెలుతురు కోసం సాగి సాగి అది దారంలా పెరిగింది. పూత కాకముందే బర్రె నమిలేసింది. మల్లె తీగ పెట్టింది. ఆకులు బాగా వచ్చాయి, మొగ్గ రాలేదు. ఆషాఢం వచ్చింది. గల్లీలో ఆడవాళ్లంతా కొత్త కుండల్లో అన్నం వండి, పసుపు కుంకుమ పూసి, వేపమండలు కట్టి, పూలదండలు చుట్టి, మీద దీపం పెట్టి బోనాలు ఎత్తుకున్నారు. అమ్మ బోనానికి వేపమండలే ఉన్నాయి. పువ్వు లేని బోనం ఆ వరుసలో దూరం నుంచి చూసినా తెలిసిపోయేది.

పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టం కాదు, వరుస కలుపుకున్న పెద్దమ్మ. ఆమె నోరు మెదపకుండా ఉండే మనిషి కాదు. "ఏందే, బోనం దెస్తున్నవా, యాపకొమ్మకు కుండ గట్టి దెస్తున్నవా?" అంది. అమ్మ నవ్వి ఊరుకుంది. ఇంటికి వచ్చాక ఆ రోజు అన్నం తినలేదు.

బార్కస్ నుంచి ఒకాయన మా దగ్గర పాలు తీసుకునేవాడు. తాతల కాలంలో అరబ్బు దేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. అందరూ చావుష్ అనేవారు. ఒక నవాబు దేవిడీ తోటలో మాలీ. ఆయన ఒకరోజు అమ్మ మల్లె తీగను తిట్టడం విని ఆగాడు.

"నీడల మల్లె పూస్తదా బహెన్? దానికి ధూప్ గావాలె, ఎండ. నీ అంగన్‌ల ధూప్ ఏడుంది?"

"మరి నా అంగన్‌ల ఏం పూస్తది?"

మరునాడు తడిగుడ్డలో చుట్టిన కొమ్మ ఒకటి తెచ్చి ఇచ్చాడు. గంధరాజం. "దీనికి నీడ మంచిగ పడ్తది. పెద్దగ గాదు, గుబురుగైతది, ఏడాదంత ఆకు రాలది. కని దీనికి ఖట్టా గావాలె. పుల్లటి మట్టి. మన ఊరి మట్టి దీనికి సయించది, మన బాయి నీళ్లు అసలే సయించవు."

బావి నీళ్ల సంగతి మాకు తెలుసు. కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టేది. పులుపు మాత్రం మా ఇంట్లో కరువు లేదు. మిగిలిపోయి పులిసిన మజ్జిగ, విరిగిన పాల నీళ్లు, పప్పులోకి పిసికిన చింతపండు పిప్పి అన్నీ పలచగా నీళ్లలో కలిపి అమ్మ ఆ మొక్కకు పోసేది. గుంత తవ్వి ఉన్న మట్టి తీసేసి, ఎర్రమట్టి, కుళ్లిన ఆకు, పాత పేడ నింపింది. తాగడానికి పట్టిన వాన నీళ్లలోంచి దానికి వాటా ఇచ్చింది. కొత్తలో బర్రె ఒకటి మెడ సాచి ఒక ఆకు కొరికి, ఉమ్మేసి, మళ్లీ దాని జోలికి పోలేదు. ఆ రోజు అమ్మ బర్రెకు బెల్లం పెట్టింది.

చెట్టు నిలదొక్కుకుంది. రెండో ఎండాకాలం చివర మొగ్గలు వేసింది. అమ్మ పొద్దున లేచి పాలు పిండటానికి ముందు వాటిని చూసేది, చెల్లెను పిలిచి చూపేది. అప్పటికి బోనాల పనులు మొదలయ్యాయి. గోడల మీది పాత సున్నం గీకి, కొత్త సున్నం ఉడికించి, నీలిమందు కలిపి ఇల్లంతా వేయించాం. చీమలు మొగ్గలు పాడుచేస్తాయని అమ్మే చెట్టు చుట్టూ ఇంత సున్నం చల్లింది. కొద్ది రోజులకే మొగ్గలు పసుపుపచ్చగా మారి రాలడం మొదలైంది. పండుగనాటికి ఒక్కటీ మిగల్లేదు. ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. వానలన్నీ పడి వెళ్లాక మెల్లగా మళ్లీ రంగుకు వచ్చాయి.

తరువాతి యేడూ అంతే. ఆ పై యేడూ అంతే. మొగ్గలు పండుగ ముందు వరకు ఉండేవి, పండుగకు ఉండేవి కావు.

చావుష్ వచ్చి ఆకులు చూసి, "ఇంకా ఖట్టా పొయ్యి" అన్నాడు. పోసింది. వాకిలంతా పులిసిన వాసన వచ్చింది కానీ మొగ్గలు నిలవలేదు.

అమ్మ మనసులో వేరే భయం పాతుకుంది. అమ్మవారు తన పువ్వు వద్దంటోందని. మొక్కు తీరకపోతే ఇచ్చిన బిడ్డను మళ్లీ అడుగుతుందేమోనని. చెల్లెకు కొంచెం ఒళ్లు వెచ్చబడితే చాలు, అమ్మ ముందు దాని నుదురు, తరువాత ఆ చెట్టు చూసేది. తప్పు ఎక్కడుందా అని వెతికి వెతికి ఒక రాత్రి అన్నాల దగ్గర బాపును పట్టుకుంది.

"పాలల్ల నీళ్లు కలుపుతున్నమని అమ్మోరికి కోపమొచ్చిందేమో."

"గౌలిపురల అందరు కలుపుతరు. అందరి చెట్లు రాల్తున్నయా?"

"అందరు మొక్కలే. నేను మొక్కిన."

ఆ ఆషాఢమంతా మా పాలు చిక్కగా ఉన్నాయి. వాడిక వాళ్లు ఆశ్చర్యపోయి, బర్రెలకు ఏం పెడుతున్నారని అడిగారు. మొగ్గలు రాలనే రాలాయి. శ్రావణం మొదటి రోజు నుంచి పాలు మామూలుగా అయ్యాయి.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా తాత, బాపు వాళ్ల నాయన, పోయాడు. పెద్ద వయసు, నిద్రలోనే పోయాడు. ఏడాది మైల కాబట్టి ఆ యేడు మాకు పండుగ లేదు. బోనం వండలేదు, కొత్త బట్టలు లేవు, ఇల్లు అలికి ఊరుకున్నాం. ఆ యేడే చెట్టు పూసింది.

ఒకటి రెండు కాదు, గుబురంతా పూసింది. సాయంత్రం విచ్చుకునేటప్పుడు పాలలా తెల్లగా ఉండేవి, మరునాటికి మీగడ రంగు, ఆ మరునాటికి పసుపు. పేడ వాసన, దాణా వాసన దాటుకుని ఆ పరిమళం గల్లీలోకి వెళ్లేది. మేం వాటిని ఏం చేయాలి? మైల ఇంటి పువ్వు అమ్మవారికి పనికిరాదు. అమ్మ తలలో పెట్టుకోలేదు, చెల్లెకు పెట్టనీయలేదు. కొన్ని చావుష్ రుమాలులో కట్టుకుపోయాడు. మిగిలినవి కొమ్మ మీదే వాడిపోయాయి.

"మా నాయన పైనుంచి పూయించిండు" అన్నాడు బాపు.

"మీ నాయనకు పాల మీద దప్ప పూల మీద మనసెప్పుడుండె?" అంది అమ్మ.

"మరి అమ్మోరు ఎక్కిరిస్తున్నదా?"

ఆ మాట విని అమ్మ చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్లింది. కొన్నాళ్లు ఆ చెట్టు వైపు చూడటమే మానేసింది. అయినా పులిసిన మజ్జిగ పోయడం ఆపలేదు. తరువాత ఎప్పుడో, వాకిలి ఊడ్చేటప్పుడు చీపురు గోడ మొదట్లో ఆగిపోవడం నేను చూశాను. పాత సున్నం పెచ్చులు మట్టిలో తెల్లగా కలిసి ఉన్నాయి. వాటిని వేలితో గీకి, చేతిలో వేసుకుని, చాలాసేపు చూసింది.

"ఈ యేడు మనం ఏమేం జెయ్యలే?" అని నన్ను అడిగింది.

బోనం వండలేదన్నాను. బట్టలు కొనలేదన్నాను.

"సున్నం వెయ్యలే" అంది.

ఆ తరువాత మేమిద్దరం ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాం. ఏటా గీకిన సున్నమంతా ఆ చెట్టు మొదట్లోనే పడేది. గోడ మీద నుంచి కారిన సున్నం నీళ్లు దాని గుంతలోకే పోయేవి. పని అయ్యాక తొట్టి, కుంచెలు కడిగిన నీళ్లను, నీళ్లు దండగ కానీయకూడదని, ఆ చెట్టుకే పోసేవాళ్లం. దానికి తోడు చీమలకని చల్లిన సున్నం. ఏడాది పొడుగునా చెంచాలతో పోసిన పులుపును పండుగ ముందు ఒక్క పూటలో తొట్లతో కడిగేసేవాళ్లం. అమ్మవారి కోసం వేసే సున్నం అమ్మవారి పువ్వును రాలుస్తోందన్న ఆలోచన ఎవరికి మాత్రం ఎలా వస్తుంది?

"బాపుకు చెప్పు" అన్నాను.

"చెప్తే అత్తగారి కాలం నుంచి ఏస్తున్న సున్నం అంటడు. టైమొచ్చినప్పుడు చెప్త."

టైము వచ్చింది. నేను మొదట చెప్పింది ఆ పూట సంగతే. సున్నం ఆయన బీడీ అయిపోయేలోపు అమ్మ గోడ వదలకుండానే సున్నానికీ మొగ్గలకూ ఉన్న లంకె బాపుకు చెప్పింది. చివరికి బాపే తగ్గాడు. "ఆ తొట్టి బయటికి తీస్కపో భాయ్. కడిగిన నీళ్లు గూడ మోరీల పొయ్యి. చెట్టు దిక్కు పోకు, ఆడ కావలి ఉన్నది" అన్నాడు. మధ్యాహ్నం అమ్మ ఎర్రమట్టి నానబెట్టి, పేడ కలిపి, ఆ గోడను తనే అలికింది. తెల్లటి మూడు గోడల మధ్య ఆ ఎర్ర గోడ వీధి తలుపులోంచే కనిపించేది.

పెద్దమ్మ చూడటానికి వచ్చింది.

"అమ్మోరు మూడు గోడలు చాలని చెప్పిందా ఏందే నీకు?"

"నాలుగోది చెట్టుకిచ్చిన."

"చెట్టు పెద్దదా, అమ్మోరు పెద్దదా?"

"చెట్టు అమ్మోరిదే గద అక్కా."

"మాటలు మస్తు నేర్చినవ్. పువ్వు రాకపాయె, గోడ గూడ లేకపాయె అన్నప్పుడు చెప్పు."

అమ్మకు ఉన్న భయం సరిగ్గా అదే. సున్నం గురించి తాను అనుకున్నది తప్పయితే ఆమె రెండు తప్పులు చేసినట్టు. మొక్కు తీర్చలేదు, పైగా అమ్మవారి పండుగకు ఇంటిని ఒక పక్క మైలగా ఉంచింది. ఆ వారంలోనే ఒక బర్రె పాలు తగ్గించింది. బాపు పాలు పిండి లేచినప్పుడల్లా ఎర్ర గోడ వైపు ఒకసారి చూసేవాడు. అమ్మ ఆ చూపు చూసేది. చూసి, బర్రెకు దాణా కొంచెం ఎక్కువ వేసేది.

వాన సన్నగా పడుతూ ఉంది. మొగ్గలు నిలిచాయి. బుధవారం చూశాం, నిలిచాయి. గురువారం చెల్లె వేలు పెట్టబోతే అమ్మ చేయి పట్టుకుని వెనక్కి లాగింది. శుక్రవారం సాయంత్రం మొదటిది విచ్చింది. మా అందరి ముఖాలూ వెలిగాయి, ఒక్క అమ్మది తప్ప.

"ఆదివారానికి పచ్చవడ్తది" అంది.

"పసుపు రంగే గద. అమ్మోరికి పసుపు ఇష్టమే" అన్నాడు బాపు. గోడ గొడవ తరువాత ఆయన ఇంట్లో వేసిన మొదటి హాస్యం అది.

మిగతావి బిగుసుకునే ఉన్నాయి. శనివారం చీకటి పడేదాకా అమ్మ వాటి దగ్గరే ఏదో ఒక పని పెట్టుకుంది. చల్ల చిలికింది, చాటలో బియ్యం ఏరింది. ఆదివారం తెల్లవారుజామున అమ్మ పాల కోసం లేచి తలుపు తీసినప్పుడు వాసన ముందు వచ్చింది. చెట్టుకు మధ్యలో నాలుగు, పైకొమ్మకు ఒకటి, తడి మీద తెల్లగా ఉన్నాయి.

అమ్మ వెంటనే కోయలేదు. పాలు పిండింది. వాడికలకు పోసి వచ్చింది. స్నానం చేసింది. బోనం వండింది. అప్పుడు వచ్చి, అరచేతిలో కింద నుంచి పట్టుకుని ఒక్కొక్కటే తెంపింది. వేపమండల మధ్య, దీపం వేడి తగలనంత కిందుగా కట్టింది. చెల్లె ఆమె కొంగు పట్టుకుని నడిచింది. దాని వయసు అప్పటికి పదేళ్లు. ఈ హడావిడి అంతా తన కోసమని దానికి తెలుసు. మామూలుగా ఎగిరిదూకే పిల్ల ఆ రోజు గుడి దాకా పెద్దమనిషిలా నడిచింది.

గుడి దగ్గర వింతేమీ జరగలేదు. జనం, డప్పులు, తొక్కిసలాట. అమ్మ బోనం దించి, పువ్వులు అక్కడ పెట్టి, కాసేపు నిలబడి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆమె నడక మారింది. అప్పటి వరకు ఆమె బరువు మోస్తూ నడిచేదని ఆ నడక చూశాకే నాకు తెలిసింది. ఇంటికి వచ్చి అంగట్లో మూరెడు మల్లెపూలు కొని తెమ్మని నన్ను పంపింది. ఇన్నేళ్ల తరువాత పెట్టుకుంది.

పెద్దమ్మ మరునాడే వచ్చింది. "ఏం వాసననే అది. నాకో కొమ్మ ఇయ్యి."

"ఇస్త. ముందు నీ ఇంట్ల ఒక గోడ సూస్కో."

ఆమె చూసుకుంది. ఆమెను చూసి ఇంకొకరు చూసుకున్నారు. కొన్నేళ్లకు మా గల్లీలో ఒక గోడ ఎర్రగా ఉన్న ఇల్లు కనిపిస్తే లోపల గంధరాజం ఉందని అర్థం. సున్నం ఆయన అమ్మ కనిపించినప్పుడల్లా "నీ చెట్టు నా కడుపు గొడ్తున్నదమ్మా" అనేవాడు. అమ్మ ఆయనకు చల్ల పోసేది.

దేశంలో పెద్ద మార్పులు వచ్చిన రోజుల్లోనే చెల్లెకు పెళ్లయింది. అత్తగారిది లాల్‌దర్వాజా పక్క గల్లీ. వెళ్లేటప్పుడు గంధరాజం కొమ్మ తీసుకుపోయి, నూనె డబ్బాలో ఎర్రమట్టి పోసి, గోడలకు దూరంగా అరుగు మీద పెట్టుకుంది. మొదటి బోనాలకు ఆమె బోనం మీద పువ్వు లేదు. వాళ్ల అత్తగారు అడిగితే, ఇంట్లో పూసినదే పెడతానంది. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదంది.

ఆ కబురు వచ్చినప్పటి నుంచి అమ్మకు, పెద్దమ్మకు లొల్లి నడుస్తోంది.

"మొక్కింది నేను, తీర్చింది నేను. దానికేం సంబంధం?" అంటుంది అమ్మ.

"పానం ఎవరిదైతే మొక్కు వాళ్లది. నువ్వు అసలు గట్టినవంతే, వడ్డీ దానిది" అంటుంది పెద్దమ్మ.

చెల్లెను అడిగితే నవ్వుతుంది. డబ్బాలో చెట్టు మోకాలెత్తు పెరిగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఈ ఆషాఢానికి కూడా మొగ్గ వేయలేదు.